దినారు లెక్కలో రాని ఖర్చులు

గత షాబాన్ నెలలో ఒక సాయంత్రం, అస్ర్ నమాజు తర్వాత, తాడేపల్లిగూడెం నుండి ఒక సోదరి తన పెద్దకుమార్తెను వెంటబెట్టుకొని ఏలూరులోని మా ఇంటికి వచ్చారు. ఆమె భర్త అక్కడి ఉల్లిపాయల మార్కెట్‌లో హమాలీగా పనిచేసేవారు. నడుము దెబ్బతిన్నది. శస్త్రచికిత్స జరిగింది. ఇప్పుడు బస్తా ఎత్తలేరు. ఒక గోదాములో రాత్రి కాపలా ఉంటున్నారు. ఆసుపత్రి ఖర్చుల నిమిత్తం చేసిన అప్పు రెండు లక్షలు. ఆ సోదరి ఇంటి పనికి కువైట్ వెళ్ళాలనుకుంటున్నారు. మేము భార్యాభర్తలం అక్కడ 11 సంవత్సరాలు కాపురం ఉండి వచ్చామని ఎవరో చెప్పగా, సలహా కోసం వచ్చారు.

కొంగుముడిలో నుండి ఒక కాగితం తీసి మా ముందు పెట్టారు. అందులో ఒకే ఒక లెక్క ఉంది. నెలకు 120 దినార్లు, దినారుకు 270 రూపాయలు, వెరసి 32,400. దాని క్రింద రెండు గీతలు.

“ఇది నిజమేనా ఆపా?” అని అడిగారు.

గుణకారం నిజమే. దినారు మారకం ఈ మధ్య 270 రూపాయలు దాటే ఉంటున్నది. కాని ఆ గుణకారం ఒక్కటే చూసుకొని విమానమెక్కిన కుటుంబాలను మేము చాలా చూశాము. మేమూ ఒకనాడు అదే చేశాము. అందువల్ల ఆ సాయంత్రం ఆ కాగితం వెనుక వైపు వ్రాసిన లెక్కను, దానికి ముందు మాట్లాడుకున్న సంగతులను పాఠకుల ముందు ఉంచుతున్నాము.

దినారుకూ రూపాయికీ మధ్య ఇంత దూరం పూర్వం లేదు. 1961 వరకు కువైట్ అంగళ్ళలో చెల్లుబాటైనది మన రూపాయే. 1959లో భారత రిజర్వు బ్యాంకు గల్ఫ్ ప్రాంతం కోసమే ప్రత్యేకమైన రూపాయి నోట్లను ముద్రించింది కూడా. 1961 ఏప్రిల్‌లో దినారు వెలువడినప్పుడు దాని విలువ 13 రూపాయల 33 పైసలు. మేము వెళ్ళిన 2009లో 165, 170 రూపాయల మధ్య ఉండేది. తిరిగి వచ్చిన 2020లో 240 దాటింది. మారకం పెరిగిన ప్రతిసారీ ఇంటికి ఫోను చేసి సంతోషించేవాళ్ళం. అయితే ఆడపిల్ల పెళ్ళికి కావలసిన బంగారాన్ని కొలబద్దగా తీసుకుంటే కథ మారిపోతుంది. 2009లో పది గ్రాములు సుమారు 15 వేల రూపాయలు. 2020 నాటికి సుమారు 50 వేలు. అదే కాలంలో దినారు ఒకటిన్నర రెట్లయినా పెరగలేదు. అంటే మేము పంపిన దినారు మొత్తం మీద ఎక్కువ రూపాయలుగా మారినా, మొత్తం మీద తక్కువ బంగారం కొన్నది. ఈ సంగతి మాకు తిరిగి వచ్చాక గాని తోచలేదు.

ముందుగా మా సంసారం లెక్క చెప్పాము. 2010లో ఒక చిన్న సంస్థలో గుమాస్తా ఉద్యోగానికి 320 దినార్ల జీతం. ఫర్వానియాలో మరో కుటుంబంతో కలిసి తీసుకున్న ఫ్లాటులో మా వంతు ఒక గది, ఉమ్మడి వంటిల్లు. అద్దె 90 దినార్లు. పాప బడి ఫీజు 25, బడి బస్సు 12. తిండికి 65. ఫోనుకు 10. ఏలూరులో పెద్దవాళ్ళకు పంపేది 70. ఇవన్నీ పోగా 48 దినార్లు మిగిలేవి. అందులో నుండే ఇఖామా పునరుద్ధరణ, జబ్బులు, రెండేళ్ళకొకసారి ముగ్గురికి విమాన టిక్కెట్లు. సెలవులో ఇంటికి వచ్చిన సంవత్సరం మిగులు అనే మాటే లేదు. వచ్చేటప్పుడు చేతిలో పెట్టెలు నిండుగా ఉండేవి కనుక ఎవరూ నమ్మేవారు కాదు.

అలాగని అక్కడ అన్నీ ప్రియమని చెప్పడం అబద్ధమవుతుంది. కొన్ని వస్తువులు మన ఊహకు అందనంత చౌక. దినారుకు వెయ్యి ఫిల్సులు. ప్రభుత్వ రాయితీతో అమ్మే రొట్టెల సంచి ధర 50 ఫిల్సులు, అంటే 13 రూపాయల చిల్లర. దశాబ్దాలుగా అదే ధర. అరబ్బు యజమాని అయినా, మన హమాలీ అయినా అదే రొట్టె, అదే వరుస. లీటరు సాధారణ పెట్రోలు 85 ఫిల్సులు, మన లెక్కలో 23 రూపాయలు. ఏలూరు బంకులో 110 రూపాయలకు దగ్గరగా చెల్లిస్తున్నాము. ఆదాయపు పన్ను లేదు. కరెంటు, నీళ్ళ ఖర్చు చాలా ఫ్లాట్లలో అద్దెలోనే కలిసి ఉంటుంది. ఎండాకాలంలో ఏసీ ఆపకుండా నడిచినా బిల్లు గురించి గుండె కొట్టుకోదు. ఇక్కడ మేలో బిల్లు వచ్చినప్పుడు మేము ఆ సుఖాన్ని తలచుకుంటాము.

నీళ్ళ సంగతి చెబితే ఆ సోదరి నమ్మలేకపోయారు. కువైట్‌లో ఏడాది పొడుగునా పారే ఒక్క నది లేదు, మంచినీటి సరస్సు లేదు. చమురు సంపద రాక మునుపు అక్కడివారు ఇరాక్‌లోని షత్తుల్ అరబ్ నుండి పడవలలో త్రాగునీరు తెచ్చుకొని అమ్ముకొనేవారు. 1950ల తొలినాళ్ళ నుండి సముద్రపు నీటిలోని ఉప్పును తీసి ఊరికి ఇవ్వడం మొదలుపెట్టారు. ఫర్వానియాలోని మా వంటింటి కొళాయిలో ఆ నీరే వచ్చేది. మనమేమో కృష్ణా గోదావరి డెల్టాల నడుమ, దేశంలోని పెద్ద మంచినీటి సరస్సులలో ఒకటైన కొల్లేరు ఒడ్డున ఉన్నాము. కైకలూరు అవతల, మా బంధువులున్న ఊరిలో ఉదయం ఆటో గంట వినిపించగానే ఆడవాళ్ళు 20 లీటర్ల నీళ్ళ టిన్నుల కోసం వీధిలోకి వస్తారు. చుట్టూ కనుచూపు మేర నీళ్ళు. త్రాగడానికి మాత్రం కొనాలి. చేపల చెరువుల నీరు, పట్టణాల మురుగు, కర్మాగారాల వ్యర్థాలు, ఉప్పుటేరు గుండా ఎదురెక్కే ఉప్పు, అన్నీ ఆ సరస్సుకే చేరాయి. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో అయిదవ కాంటూరు లోపలి చెరువుల గట్లను ప్రభుత్వం పెద్ద ఎత్తున తెగగొట్టింది. గట్లు తెగినప్పుడు కూలి పోయిన కుటుంబాల నుండి కువైట్ వెళ్ళినవారు మాకు తెలుసు. ఆ నష్టాన్ని ఏ దేశపు ధరల పట్టికలో వ్రాయాలి?

మేము ఉద్యోగం పోయి, 2020లో వందే భారత్ విమానంలో గన్నవరం దిగాము. ఆ డిసెంబరులోనే ఏలూరులో వందలాది మంది ఉన్నట్టుండి మూర్ఛపోయి ఆసుపత్రుల పాలయ్యారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని పరీక్షలు చెప్పాయి. నీరా, కూరగాయలా, పురుగుమందా అని ఊరంతా వాదించుకున్నది. మా వీధిలో ప్రతి ఇంటి వారూ టిన్ను నీళ్ళకు మారారు. పదకొండేళ్ళు ఎడారిలో కొళాయి నీళ్ళు త్రాగిన మా పాప, నీళ్ళ కోసం చిల్లర లెక్కపెట్టడం ఏలూరు వచ్చాకే నేర్చుకున్నది.

చేపల విషయంలో మాత్రం కొల్లేరుదే పైచేయి. కువైటీలకు ప్రాణమైన జుబైదీ, అంటే మన చందువ, కిలో కొనాలంటే మా రెండు రోజుల తిండి ఖర్చు పట్టేది. పండుగకు తప్ప తాకలేదు. ఇక్కడ శీలావతి, బొచ్చె సామాన్యుడికి అందుతాయి. చెరువులో పెరగని నాటు కొరమీను మాత్రం ఇప్పుడు ఇక్కడా పెద్దవారి చేపే అయిపోయింది.

వాతావరణాన్ని ధరలలో చెప్పలేము. 2016 జూలైలో కువైట్‌లోని మిత్రిబాలో దాదాపు 54 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. జూన్ నుండి ఆగస్టు చివరి వరకు పగలు 11 నుండి 4 గంటల వరకు ఆరుబయట పని చేయించరాదని అక్కడ నిబంధన ఉన్నది. మన ఎండలో వరి కోతకు, చెరువు పట్టుబడికి అలాంటి గంట కొట్టేవారు లేరు. అక్కడి మంచిని మంచి అనడానికి మాకు సంకోచం లేదు. రమజానులో మస్జిదుల వెంట వేసిన గుడారాలలో ఏ దేశపు కూలీ అయినా ఎదురుగా కూర్చున్నవారి పేరు అడగకుండా ఇఫ్తారు చేసేవాడు. అలాంటి పంక్తి మేము మరెక్కడా చూడలేదు.

అయితే ఆ పంక్తిలో కూర్చున్న వారిలో ఎక్కువమంది కుటుంబం లేనివారు. మేము కలిసి ఉండగలిగింది కేవలం కాలం కలిసి రావడం వల్లనే. ఆ రోజులలో 250 దినార్ల జీతం ఉంటే భార్యాబిడ్డలకు వీసా దొరికేది. 2016లో ఆ హద్దును 450కి, 2019లో 500కి పెంచారు. కోవిడ్ తర్వాత ఆగిపోయిన కుటుంబ వీసాలను 2024లో తిరిగి తెరిచినప్పుడు 800 దినార్లు చేశారు. మా గుమాస్తా ఉద్యోగానికి ఈనాడు ఎవరు వెళ్ళినా ఒంటరిగానే ఉండవలసి ఉంటుంది. ఇంటి పనివారి వీసా మీద వెళ్ళే స్త్రీకి కుటుంబం ఊసే ఉండదు. రెండు దేశాల జీవన వ్యయాన్ని పోల్చేవారు సాధారణంగా అక్కడి కుటుంబాన్ని ఇక్కడి కుటుంబంతో పోలుస్తారు. మన జిల్లాల నుండి వెళ్ళే వారిలో అత్యధికుల విషయంలో అది తప్పు లెక్క. వారిది ఒకే కుటుంబం, రెండు దేశాలలో రెండు కాపురాలు.

మా బంధువులలో ఒక ఆపా ఉన్నారు. పైన చెప్పిన కైకలూరు అవతలి ఊరే. 2013లో, పిల్లలకు తొమ్మిదేళ్ళు, ఆరేళ్ళు ఉన్నప్పుడు 70 దినార్లకు వెళ్ళారు. దినారు అప్పుడు 200 చిల్లర. నెలకు 14 వేల రూపాయలు పైసా మిగుల్చుకోకుండా పంపారు. ఎనిమిదేళ్ళు ఉన్నారు. మూడుసార్లు వచ్చారు. ఆ డబ్బుతో స్లాబు ఇల్లు లేచింది. కూతురు నర్సింగు చదివి విజయవాడలో ఉద్యోగం చేస్తున్నది. ఇది చిన్న విషయం కాదు. కువైట్ వెళ్ళకపోతే ఆ అమ్మాయి రొయ్యల షెడ్డులో తలలు త్రుంచుతూ ఉండేదని ఆపాయే అంటారు. కొడుకు సంగతి వేరు. అతడు నాయనమ్మను “అమ్మీ” అని, కన్నతల్లిని “కువైట్ అమ్మీ” అని పిలిచేవాడు. ఆమె తిరిగి వచ్చి నాలుగేళ్ళు దాటింది. ఇప్పుడు ఆ పిలుపు లేదు, నిజమే. కాని ఏదైనా కావలసివస్తే ఈనాటికీ అతడు ముందుగా నాయనమ్మ గది వైపే నడుస్తాడు.

ఇవన్నీ విన్న తర్వాత కాగితం వెనుకకు త్రిప్పి లెక్క మొదలుపెట్టాము. సోదరి చెబుతూ ఉంటే కూతురు వ్రాసింది. పదమూడేళ్ళ పిల్ల, ఎనిమిదో తరగతి.

ఏజెంటు అడిగినది 1,20,000 రూపాయలు. అది నూటికి మూడు రూపాయల వడ్డీకి దొరుకుతుందట. నెలకు 3,600. ఈ మాట దగ్గర మేము కొంతసేపు ఆగిపోయాము. వడ్డీ నిషిద్ధమని నమ్మే ఇంటి వారు, కూలి చెల్లింపులో జాప్యం చేయరాదన్న ప్రవక్త (స) బోధ వినిపించే దేశానికి చేరడానికి వడ్డీ అప్పునే వంతెనగా వేసుకోవడం మన వీధులలో మామూలైపోయింది. ఎవరినీ నిందించి ప్రయోజనం లేదు. వడ్డీ లేకుండా ఇచ్చే చేయి వారికి కనబడలేదు. మన మస్జిదు కమిటీలు ఈ విషయం ఒకసారి ఆలోచిస్తే బాగుండును.

తర్వాతి పద్దు ఆమెకు తట్టనే లేదు. ఇప్పుడు కుట్టుపని మీద నెలకు 7,000 సంపాదిస్తున్నారు. వెళితే అది ఆగిపోతుంది. భర్త రాత్రి కాపలా, పిల్లలను చూసుకోవడానికి అత్తగారు ఊరి నుండి రావాలి. ఆమె తిండి, మందులు 3,000. చిన్నవాడిని ఇప్పటివరకు తల్లే చదివిస్తున్నది. ఇక ట్యూషను 1,500. అక్కడ ఆమె సబ్బు, ఫోను, అవీ ఇవీ ఎంత బిగబట్టినా 8 దినార్లు, అంటే 2,160 రూపాయలు. అన్నీ కలిపితే 17,260. అవి 32,400లో నుండి తీసివేస్తే 15,140. అప్పు అసలును రెండేళ్ళలో తీర్చాలంటే నెలకు 5,000. చివరకు మిగిలేది 10,140 రూపాయలు.

రెండేళ్ళకు ఏడు లక్షల డెబ్బై ఏడు వేలు వస్తుందనుకున్నారు. ఈ లెక్కలో రెండు లక్షల నలభై మూడు వేలు. అసలు తగ్గేకొద్దీ వడ్డీ తగ్గుతుంది కనుక మరో నలభై వేల పైచిలుకు కలుస్తాయి. ఆసుపత్రి అప్పు తీరుతుంది. పైన ఎనభై అయిదు వేలలోపు మిగులుతుంది. అదీ జీతం ఒక్క నెల కూడా ఆగకపోతే, ఆరోగ్యం సహకరిస్తే.

అప్పుడు మేము ఒక ప్రశ్న అడిగాము: ఏజెంటు అప్పే లేకపోతే? కూతురు వెంటనే కూడింది. నెలకు 8,600 కలిసి 18,740. రెండేళ్ళకు నాలుగున్నర లక్షలు. రొట్టె ధర, పెట్రోలు ధర, మారకపు రేటు ఇవేవీ ఆ ఇంటి భవిష్యత్తును ఇంతగా మార్చవు. మార్చేది ఆ మొదటి లక్షా ఇరవై వేలు.

ఆ డబ్బు కట్టవలసిన అవసరం నిజానికి లేదు. ఇంటి పనికి కువైట్ వంటి దేశాలకు వెళ్ళే స్త్రీలను ప్రైవేటు ఏజెంట్లు పంపరాదని, ప్రభుత్వ సంస్థల ద్వారానే నియామకం జరగాలని భారత ప్రభుత్వం 2016లో ఆదేశించింది. మన రాష్ట్రంలో ఆ పని చేసేది ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థ. పదో తరగతి పూర్తి కాని వారి పాస్‌పోర్టుకు ఈ-మైగ్రేట్ ద్వారా అనుమతి తప్పనిసరి. స్త్రీకి 30 ఏళ్ళు నిండి ఉండాలి. ఆ సోదరికి 34. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రెండేళ్ళకు 275 రూపాయల ప్రీమియంతో పది లక్షల ప్రమాద బీమా ఉంటుంది. విజిటింగు వీసా మీద ముందు మరో దేశానికి పంపి, అక్కడి నుండి కువైట్ చేరుస్తామనే వారి మాట వింటే ఈ రక్షణలేవీ వర్తించవు. ఆమె ఏజెంటు చెప్పిన దారి సరిగ్గా అదే.

కువైట్ వైపు కూడా చట్టం ఉన్నది. 2015లో వచ్చిన ఇంటి పనివారి చట్టం ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదు. వారానికొక సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు, పని ముగిసినప్పుడు సంవత్సరానికి ఒక నెల జీతం ఇవ్వాలి. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోరాదు. 2016లో కనీస వేతనం 60 దినార్లని నిర్ణయించారు. చట్టంలో ఉన్నదంతా చేతికి వస్తుందని మేము చెప్పలేము. మా ఉద్యోగం పోయినప్పుడు లెక్క ప్రకారం దాదాపు తొమ్మిది నెలల జీతం రావాలి. చేతికి అందినది నాలుగు నెలలది. మిగిలిన దానికోసం కూర్చుందామంటే ఇఖామా గడువు కూర్చోనివ్వలేదు. మా ఆపాకు మొదటి రెండేళ్ళు వారపు సెలవంటే ఏమిటో తెలియదు. తర్వాత వేరే ఇంటికి మారాక, అక్కడి వృద్ధురాలు ప్రతి శుక్రవారం తానే ఫోను అందించి “పిల్లలతో మాట్లాడు” అనేవారట. చట్టం ఒకటే, ఇళ్ళు రెండు.

స్త్రీ ఒంటరి ప్రయాణం గురించి ధర్మవేత్తల అభిప్రాయాలను ఆ సోదరి ముందే తమ ఇమాము గారిని అడిగి ఉన్నారు. అందులోకి మేము పోలేదు. మగవారి విషయంలోనైనా ప్రమాదం లేదని అనుకోవద్దని మాత్రం చెప్పాము. 2024 జూన్ 12న మంగాఫ్‌లో కార్మికులు ఉండే భవనానికి నిప్పంటుకొని సుమారు 45 మంది భారతీయులు మరణించారు. వారిలో మన ఆంధ్ర వారూ ఉన్నారు. ఒక్కొక్క గదిలో ఎంతమంది పడుకుంటే అద్దె ఎంత తగ్గుతుందో మాకు బాగా తెలుసు. అందువల్ల ఆ వార్త చదివిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

మగ్రిబ్ వేళయింది. సోదరి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయితే వెళ్ళవద్దంటారా?” అన్నారు. మేము ఆ మాట అనలేదు, అనలేము. రెండు లక్షల అప్పు మాది కాదు. ఏజెంటుకు డబ్బు కట్టవద్దని, ముందు ఓంక్యాప్‌లో విచారించమని, ఒప్పంద పత్రం నకలు ఇంట్లో ఒకటి ఉంచమని, అప్పు ఎవరి దగ్గర తీసుకున్నా దివ్యఖుర్ఆన్ ఆదేశించినట్లు సాక్షుల ఎదుట వ్రాసిపెట్టుకోమని చెప్పాము.

“ఉద్యోగం అలా దొరకడానికి ఎంతకాలం పడుతుంది?” అని అడిగారు. నెలలు పట్టవచ్చన్నాము. ఏజెంటు మాత్రం పదిహేను రోజులలో పంపుతానన్నాడట. అప్పు ఇచ్చిన వారు రమజాను వరకే గడువు ఇచ్చారట.

బయలుదేరే ముందు ఆ పిల్ల కాగితం తీసుకొని మళ్ళీ చూసింది. “ఖాలా, అమ్మీ ఫోను ఖర్చు వ్రాశారు. మా వైపు ఫోను వ్రాయలేదు” అంది. రోజూ మాట్లాడాలంటే ఎంత అవుతుందని అడిగింది. నెలకు మూడు వందలు వేసుకోమన్నాము. 10,140ని కొట్టివేసి, ప్రక్కన 9,840 అని వ్రాసి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తల్లికి ఇవ్వకుండా తన బడి సంచిలో పెట్టుకున్నది.